ఎలుగును కొత్త ఆవరణకు మార్చేటప్పుడు: బోను అలవాటు నుంచి విమర్శకు జవాబు దాకా

ఉద్దానంలో ఎలుగు పేరెత్తితే జీడితోటలు, తెల్లారగట్ల దాడులు, అటవీశాఖ వలలు గుర్తొస్తాయి. ఇక్కడ చెప్పేది ఆ అడవి ఎలుగు సంగతి కాదు. జూలోనో రెస్క్యూ కేంద్రంలోనో ఏళ్ల తరబడి ఉన్న ఎలుగును పాత సిమెంటు గది నుంచి కొత్త ఆవరణకో, ఒక జూ నుంచి ఇంకో జూకో మార్చే పని సంగతి. ఇచ్ఛాపురం నుంచి చూస్తే దక్షిణాన విశాఖ జూ, ఉత్తరాన భువనేశ్వర్ దగ్గర నందన్‌కానన్ జూ. ఎటు వెళ్లినా 16వ నంబరు జాతీయ రహదారి మీద ఒక రాత్రి ప్రయాణమే. అందుకే ఈ పనిలో కీపర్లు, డాక్టర్లతో పాటు పలాస, టెక్కలి, బరంపురం వాలంటీర్లూ విలేకరులూ ఏదో ఒక దశలో తగులుకుంటారు. అందరికీ పనికొచ్చేలా రాస్తున్నాం.

ముందే ఒక మాట. లారీ కదిలిన రోజు జనం కంటికి కనిపించేది పనిలో పదో వంతు. ఎలుగు బతుకు బాగుపడుతుందా, చెడుతుందా అన్నది అంతకు ముందు ఆరు వారాల్లో బోను దగ్గర, ఆ తర్వాత ఆరు నెలల్లో నోటుపుస్తకంలో తేలుతుంది. విమర్శకులు అడిగే ప్రశ్నల్లో చాలా వాటికి జవాబు కూడా ఆ పుస్తకంలోనే ఉండాలి. లేకపోతే ప్రెస్‌మీట్ పెట్టి ఎంత మాట్లాడినా దండగ.

నెల ఎంచుకోవడం

మన తీరంలో మార్చి దాటితే పగలు ఎండ, రాత్రి ఉక్క. నల్లటి పొడుగు జుట్టున్న జంతువుకు ఉక్కే ఎక్కువ ప్రమాదం. ఒంటి వేడి బయటికి పోదు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ జూను చెట్లూ గోడలూ కూల్చి వదిలింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. ఆ రోజుల్లో రోడ్డు మీద ఎలుగుతో చిక్కుకుంటే ముందుకూ వెళ్లలేరు, వెనక్కీ రాలేరు.

మగ ఎలుగుకు డిసెంబరు మొదలు ఫిబ్రవరి మధ్య దాకా అనువైన కాలం. ఆడదానికి లెక్క వేరు. జత కట్టేది ఎక్కువగా మే నుంచి జులై దాకా, ఈనేది నవంబరు నుంచి జనవరి దాకా. మగదానితో కలిసి ఉన్న ఆడ ఎలుగును సెప్టెంబరు నుంచి కదిలించకూడదు. చూలు బయటికి కనిపించదు. కడుపులో పిల్ల ఉందని స్కానింగ్‌లో కూడా ఆలస్యంగా తెలుస్తుంది. ఈనిన తల్లి రెండు మూడు నెలలు గూడు వదలదు. ఆ సమయంలో తలుపు చప్పుడు ఎక్కువైతే పిల్లల్ని వదిలేయడమో చంపేయడమో జరుగుతుంది. కాబట్టి ఆడవాటికి చూలు లేదని తేల్చుకున్నాక ఫిబ్రవరి ఒక్కటే నమ్మదగ్గ నెల.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఎలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, అంటే అత్యధిక రక్షణ ఉన్నది. జూ నుంచి జూకు మార్చాలంటే 38-ఐ సెక్షన్ కింద కేంద్ర జూ అథారిటీ ముందస్తు అనుమతి ఉండాలి, రెండూ గుర్తింపు ఉన్న జూలే కావాలి. రాష్ట్రం దాటితే రెండు వైపుల చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ల ఉత్తర్వులు, డాక్టరు ఇచ్చిన ఆరోగ్య పత్రం, మైక్రోచిప్ నంబరు రాసిన గుర్తింపు పత్రం బండిలో ఉండాలి. రెండు నకళ్లు తీసుకుని ఒకటి డాక్టరు దగ్గర, ఒకటి డ్రైవరు దగ్గర ఉంచండి. మడపాం టోల్‌గేట్ దగ్గర అర్ధరాత్రి కాగితం కోసం ఫోన్లు చేసే పని తప్పుతుంది.

ముందు చూడాల్సింది రాత్రి గది

కొత్త ఆవరణ అనగానే అందరూ చెట్లు, కొలను, అద్దాల గ్యాలరీ చూస్తారు. ఎలుగు రోజులో సగానికి పైగా ఉండేది రాత్రి గదిలో. దాన్ని ముందు చూడండి.

జూ గుర్తింపు నిబంధనల ప్రకారం ఎలుగు గదికి కనీస కొలత 2.5 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. బయటి ఆవరణ జతకు కనీసం 1000 చదరపు మీటర్లు, పైన ఒక్కో ఎలుగుకు మరో 100. ఇవి అడుగు మెట్టు లెక్కలు. వీటి కంటే ఒక్క మీటరు తగ్గినా పని ఆపాలి. వీటికి సరిపోయిందని మురిసిపోవడానికీ ఏమీ లేదు. మా అభిప్రాయంలో ఎన్ని ఎలుగులుంటే అంతకు ఒక గది ఎక్కువ కట్టడం విస్తీర్ణం పెంచడం కంటే ముఖ్యం. ఒకటి జబ్బు పడ్డా, రెండూ కొట్టుకున్నా విడదీయడానికి ఖాళీ గది లేకపోతే మిగతా హంగులన్నీ వృథా.

నేల నున్నటి గచ్చయితే ఎలుగు అరికాళ్లు పగులుతాయి, పుండ్లు పడతాయి. గచ్చు గరుకుగా, కాలువ వైపు వాలుగా ఉండాలి. పడుకోవడానికి నేల నుంచి జానెడు ఎత్తులో చెక్క బల్ల, దాని మీద మందంగా వరిగడ్డి. ఊచల మధ్య సందు రెండంగుళాలు దాటకూడదు. ఎలుగు గోళ్లు మూడు నాలుగు అంగుళాలు ఉంటాయి, ముంజేయి సందులోంచి బయటికి వస్తుంది. కీపరు నడిచే వైపు కింది నాలుగడుగులకు వెల్డ్‌మెష్ (వెల్డింగ్ చేసిన ఇనుప జాలి) వేయండి. జారుడు తలుపు లాగే గొలుసు కీపరు దారిలోంచే అందాలి, తలుపు ఎంత మేర తెరుచుకుందో నిలబడ్డ చోటి నుంచే కనపడాలి. ఇది కనపడని గదుల్లోనే ప్రమాదాలు జరుగుతాయి.

కొత్తగా వేసిన రంగు వాసన పోవడానికి కనీసం మూడు వారాలు ఇవ్వండి. ఎలుగు లోకాన్ని తెలుసుకునేది ముక్కుతోనే. ఎనామిల్ కంపు కొట్టే గదిలోకి అది రానంటే దాన్ని మొండిదని తిట్టి లాభం లేదు.

బయటి ఆవరణలో కాంట్రాక్టరు మనుషులు వదిలేసిన మేకులు, బైండింగ్ తీగ ముక్కలు కచ్చితంగా ఉంటాయి. ఎలుగు పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు. ఆ ఖాళీలోంచి చెదల్ని గాలితో పీల్చి తింటుంది. మట్టిలో పడున్న మేకు కూడా అలాగే నోట్లోకి పోతుంది. పాత స్పీకర్ అయస్కాంతాన్ని కర్రకు కట్టి మొత్తం నేల రెండుసార్లు, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, దువ్వండి. ఒక వాన పడ్డాక మళ్లీ చేయండి. పూడినవి అప్పుడు తేలతాయి.

గోడో కంచో పది అడుగులు తగ్గకుండా ఉండి, పైన లోపలి వైపు వంపు ఉండాలి. ఎలుగు తవ్వుతుంది కాబట్టి కంచె కింద మీటరు లోతు కాంక్రీటు పునాది. గోడకు దగ్గరగా ఉన్న చెట్ల మొదళ్లకు ఎనిమిదడుగుల ఎత్తు దాకా రేకు చుట్టండి. లేకపోతే ఎలుగు చెట్టెక్కి కొమ్మ మీంచి గోడ అందుకుంటుంది. సోలార్ కంచె ఉంటే రోజూ ఉదయం వోల్టేజీ కొలిచి రాయాలి. వానాకాలంలో గడ్డి వారంలో ఎదిగి తీగకు తగులుతుంది, కరెంటు నేలలోకి పోతుంది. మీటరు పెట్టకుండా తీగ పనిచేస్తోందని నమ్మకూడదు.

బోను

నూటపాతిక కిలోల లోపు ఎలుగుకు లోపలి కొలతలు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు. నిలబడాలి, చాచుకు పడుకోవాలి. మరీ వెడల్పు చేస్తే కుదుపుకు అటూ ఇటూ పడి దెబ్బలు తగులుతాయి. రెండంగుళాల యాంగిల్‌తో చట్రం, లోపల 16 మిల్లీమీటర్ల రాడ్లు, వాటి బయట విప్పి తీయగలిగే చెక్క పలకలు, పలకల్లో అంగుళం గాలి రంధ్రాలు. ఇనుప రేకుతో మూసిన బోను సాయంత్రం దాకా ఎండలో ఉంటే పెనం అవుతుంది. కింద సందులున్న చెక్క నేల, దాని కింద మూత్రం జారే ట్రే. తడిలో కూర్చుని ప్రయాణం చేసిన ఎలుగుకు చర్మం చెడుతుంది, కాలు జారి గోళ్లు విరుగుతాయి. రెండు చివర్లా పైకి జరిగే తలుపులు. ఒక్కో తలుపుకు ఒక పిన్ను, రెండు తాళాలు. తాళంచెవులు ఇద్దరి దగ్గర వేర్వేరుగా. నీళ్ల గిన్నె లోపలే బిగించి, బయటి నుంచి పైపుతో నింపేలా ఉండాలి. ఖాళీ బోనే మూడు వందల కిలోలకు దగ్గరగా తూగుతుంది. ఎలుగుతో కలిపి ఎత్తడానికి హైడ్రా క్రేన్ మాట్లాడుకోండి. పదిమంది భుజాల మీద మోస్తే ఒకడి కాలు తడబడినా బోను ఒరుగుతుంది.

అలవాటు చేయడం ఇలా. మొదటి వారం బోనును రాత్రి గది జారుడు తలుపుకు ఆనించి, రెండు వైపులా గొలుసు వేసి టర్న్‌బకిల్‌తో (తిప్పితే గొలుసు బిగిసే మరతో) బిగించండి. బోను తలుపు పైకెత్తి తాడుతో కట్టేయండి. గడప దగ్గర కొంచెం తిండి పెట్టి దూరంగా పోండి. రెండో వారం తిండి రోజుకో జానెడు లోపలికి జరపండి. మూడో వారానికి ఒళ్లంతా లోపలికి వచ్చి తింటుంటే తలుపును నాలుగు వేళ్ల మేర దించి, ఎత్తండి. చప్పుడు అలవాటవ్వాలి. నాలుగో వారం పది సెకన్లు మూయండి, అది తింటూ ఉండగానే తెరవండి. తర్వాత నిమిషం, అయిదు నిమిషాలు, పావుగంట. ఐదో వారం టార్పాలిన్ కప్పండి, బోనును కొంచెం ఊపండి, గొలుసు చప్పుడు చేయండి, దగ్గర్లో ఇంజను ఆన్ చేసి ఉంచండి. ఆరో వారం ఆఖరికి అరగంట మూసిన బోనులో ఎలుగు నిమ్మళంగా పడుకుంటే సిద్ధమైనట్టే.

రోజు తిండిలో నాలుగో వంతు బోనులోనే పెట్టాలి. చోడి అంబలి, పుచ్చముక్క, ఉడికిన గుడ్డు, చివరి గోడకు పూసిన తేనె. దానికి ఏది ఎక్కువ ఇష్టమో అది బోనులో తప్ప ఇంకెక్కడా దొరకకూడదు. మన పక్క ఎలుగులకు పనసతొన, జీడిమామిడి పండు దొరికే రోజుల్లో ఇంకేదీ అక్కర్లేదు.

ఇక్కడ జరిగే తప్పులు మూడు. మొదటిది, త్వరగా అవ్వాలని రెండు రోజులు పస్తు పెట్టడం. ఆకలికి లోపలికి దూకుతుంది. తలుపు పడగానే బెదిరి ఊచలు కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటుంది, మళ్లీ ఆ బోను ఛాయలకు రాదు. రెండోది, గొలుసు బిగించకపోవడం. ముందు కాళ్లు మోపగానే బోను జానెడు జరుగుతుంది, ఆ సందులో కాలు ఇరుక్కుంటుంది. మూడోది, తలుపు చేతిలోంచి జారి వీపు మీదో పాదం మీదో పడటం. గాడి కింద రబ్బరు అడ్డం పెట్టి, తాడు ఎప్పుడూ కొక్కేనికి ఒక చుట్టు వేసి పట్టుకోవాలి. ఈ మూడింటిలో ఏది జరిగినా మళ్లీ మొదటి వారం నుంచే మొదలు. తేదీ ప్రకటించేశాం, మంత్రిగారు వస్తున్నారు అంటే ఎలుగు వినదు.

కళ్లు పోయినవి, గతంలో వీధుల్లో ఆడించినవి ఉంటే గడువు రెట్టింపు పెట్టుకోండి. ఎలుగుల్ని ఆడించడానికి శిక్షణ ఇవ్వడాన్ని, ప్రదర్శించడాన్ని 1998లో కేంద్రం నోటిఫికేషన్‌తో నిషేధించింది. ఆ కాలం నాటివి ఇప్పుడు ముసలివి. తాడు కనిపించినా, కర్ర చప్పుడు విన్నా వణికేవి ఉంటాయి. వాటి దగ్గర కర్ర తేవొద్దు.

మత్తు సంగతి

అలవాటైన ఎలుగుకు ప్రయాణంలో మత్తు అక్కర్లేదు, ఇవ్వకపోవడమే మంచిది. మత్తులో మెడ వంగి ఊపిరి ఆడకపోవచ్చు, కక్కుకున్నది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఒంటి వేడి అదుపు తప్పుతుంది. బోనులో ఉన్నదాని మెడ సరిచేయడానికి చేయి పెట్టలేరు. మత్తు అవసరమయ్యేది ముందు చేసే పరీక్షలకు: రక్తం, టీబీ, పళ్లు, బరువు. అది తరలింపుకు నెలన్నర ముందే ముగించాలి. మనుషుల మధ్య పెరిగిన ఎలుగులకు టీబీ సోకడం మన దేశంలో కొత్త కాదు. పరీక్ష చేయకుండా మార్చితే కొత్త చోట ఉన్నవాటికీ కీపర్లకూ అంటుకుంటుంది.

మందూ మోతాదూ డాక్టరు పని. పక్కనున్న వాళ్లకు తెలియాల్సింది ఇంతే: ముందు రోజు మధ్యాహ్నం నుంచి తిండి ఆపాలి. సూది తగిలాక పావుగంట ఎవరూ మాట్లాడకూడదు. పడుకున్నాక కళ్లకు మందు రాసి గుడ్డ కట్టాలి, బోర్లా పడుకోబెట్టి మెడ తిన్నగా ఉంచాలి, వేడి అయిదేసి నిమిషాలకోసారి చూసి రాయాలి. 40 డిగ్రీలు దాటితే చంకలు, గజ్జల్లో చల్లనీళ్లు పోయడం వెంటనే మొదలుపెట్టాలి. మత్తుకు కలిపి ఇచ్చే రెండు మందుల్లో జైలజిన్‌కు విరుగుడు ఉంది, కెటమిన్‌కు లేదు. అందుకే విరుగుడు ముందే ఇస్తే ఎలుగు సగం మత్తులో కొట్టుకుంటుంది.

రాత్రి ప్రయాణం

సాయంత్రం అయిదింటికి ఎలుగు లోపలుండగా బోను మూయాలి, ఏడింటికి బండి కదలాలి, తెల్లారేలోగా చేరాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల యాభై కిలోమీటర్ల లోపే. గంటకు నలభై చొప్పున ఆగుతూ వెళ్లినా అందుతుంది. బోను లారీకి పొడుగునా, వెనక చక్రాలకు ముందు, నాలుగు రాచెట్ బెల్టులతో. ఇనుము ఇనుముకు తగిలే ప్రతి చోటా పాత టైరు ముక్క వేయండి, లేకపోతే రాత్రంతా గడగడ. పక్కన వరిగడ్డి మోపు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు, చేతి స్ప్రేయర్, బ్యాటరీ ఫ్యాను, వెల్డింగ్ తెలిసిన మనిషి, అదనంగా రెండు తాళాలు. మత్తు తుపాకీ డాక్టరు బండిలో, పెట్టెలో తాళం వేసి.

గోనె సంచులు తడిపి బోను చుట్టూ కప్పడం చాలామంది చేస్తారు. కొండల్లో, రాయగడ వైపు పొడి గాలిలో అది బాగానే పనిచేస్తుంది. తీరంలో ఉక్కకు అదే ముప్పు. గాలి రంధ్రాలు మూసుకుని లోపల ఆవిరి పట్టిన గది అవుతుంది. తడిపితే ఫ్యాను ఉండాలి, ఫ్యాను లేకపోతే తడపొద్దు.

రెండు గంటలకోసారి అయిదు నిమిషాలు ఆపి టార్చి నేలకేసి చూడండి. ఎలుగు నోరు తెరిచి ఆగకుండా రొప్పుతూ, తీగలు తీగలుగా చొంగ కారుతుంటే వేడి తగిలినట్టు. బండి గాలి తగిలే చోట ఆపి, పలకలు రెండు తీసి, పాదాలకూ పొట్టకూ నీళ్లు చల్లి, పుచ్చముక్కలు ఇవ్వండి. పది నిమిషాల్లో తగ్గకపోతే డాక్టరు నిర్ణయం. టీ దుకాణం దగ్గర మాత్రం ఆపొద్దు. రెండు నిమిషాల్లో ముప్పై ఫోన్లు, మూడు నిమిషాల్లో బిస్కెట్లు.

చేరాక

బోనును కొత్త గది తలుపుకు బిగించి, తెరిచి, అందరూ వెళ్లిపోవాలి. వెంటనే దిగేవి ఉంటాయి, నాలుగు గంటలు కూర్చునేవీ ఉంటాయి. నీళ్ల పైపు కొట్టి తరిమితే ఆ గది మీద భయం నెలల తరబడి పోదు. పాత గది గడ్డి, అది గీరుకునే పాత దుంగ ముందే తెచ్చి పెట్టండి. పాత కీపరు కనీసం వారం ఉండాలి. ఆ మనిషి భత్యం, వసతి ఖర్చు ముందే మంజూరు చేయించుకోండి. డబ్బు లేదని మూడో రోజే పంపేస్తారు, ఆ తర్వాత ఎలుగు తినట్లేదని ఫోన్ చేస్తారు. ఒకటి రెండు రోజులు తినకపోవడం మామూలే. మూడు రోజులు దాటితే డాక్టరు చూడాలి.

వేరే జూ నుంచి వచ్చిందైతే ముప్పై రోజులు విడిగా ఉంచాలి. ఆ తర్వాత ముందు గదికి ఆనుకుని ఉండే చిన్న కంచె దొడ్డి (క్రాల్) లోకి, అక్కడ కంచె తీగ అలవాటయ్యాక పెద్ద ఆవరణలోకి. ఉదయం, కొంచెం ఆకలి మీద వదలండి. సాయంత్రం అంబలి గిన్నె చప్పుడుకు తిరిగొస్తుంది. గది తలుపు మొదటి వారం పగలంతా తెరిచే ఉంచాలి, బెదిరితే దూరడానికి చోటుండాలి. తొలి రోజే కెమెరాల ముందు పెద్ద ఆవరణలోకి వదిలితే చెట్టెక్కి రెండు రోజులు దిగకపోవచ్చు. సందర్శకులకు చూపేది పెద్ద ఆవరణలోకి వదిలిన రెండు వారాల తర్వాతే.

ఆవరణలో పని కల్పించకపోతే కొత్త గోడల మధ్య, విసుగుతో ఒకే దారిలో తిరిగే పాత చక్కర్లే మొదలవుతాయి. సిమెంటు చెదపుట్ట కట్టి పైపులు అమర్చి రోజూ వేరే పైపులో తేనె, అటుకులు పెట్టండి. దుంగలకు రెండంగుళాల రంధ్రాలు జానెడు లోతు తొలిచి నింపండి. లారీ మట్టి పోసి అందులో వేరుశనగలు కలపండి. అడవిలో ఎలుగు మేలుకుని ఉన్న సమయంలో ఎక్కువ భాగం తిండి వెతుక్కుంటూనే గడుపుతుంది. ఒక్క గిన్నెలో పది నిమిషాల్లో తిండి ముగిస్తే మిగతా రోజంతా ఏం చేయాలి?

విమర్శ వచ్చినప్పుడు

ఎలుగుల్ని మార్చారంటే విమర్శ వస్తుంది. రావాలి కూడా. విమర్శకులను అడ్డుకునేవాళ్లుగా చూడటం మానేస్తే సగం గొడవ తగ్గుతుంది. కానీ అన్ని విమర్శలూ ఒకటి కావు. ఒక్కోదానికి వేరే జవాబు ఉంది.

“బోనులో ఎందుకు, అడవిలో వదిలేయొచ్చుగా?” ఉద్దానంలో ఎక్కువగా వినపడే మాట ఇదే. అడవి నుంచి పట్టుకున్న ఎలుగు విషయంలో ఇది న్యాయమైన ప్రశ్న. వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ ప్రకారం, పట్టుకున్న మొదటి షెడ్యూలు జంతువును అడవిలో పునరావాసం కల్పించలేమని తేలితేనే బంధించాలి. ఆ తేల్చడం కాగితం మీద, కారణాలతో ఉండాలి, అడిగినవాళ్లకు చూపాలి. పిల్లప్పుడే మనుషుల చేతిలో పెరిగిన జూ ఎలుగు విషయం వేరు. దానికి మనిషంటే తిండి. అడవిలో వదిలితే వారంలో ఏదో ఊరి వంటింటికి వస్తుంది, ఆ ఊళ్లో జనం కర్రలు తీస్తారు. ఇది చెప్పేటప్పుడు రెండు రకాల ఎలుగుల్నీ కలిపేసి మాట్లాడొద్దు. కలిపేది చాలాసార్లు అధికారులే.

“మత్తు ఇచ్చి చంపేస్తారు.” ఈ భయం ఊరికే రాలేదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో మనుషుల మీద దాడి చేసిన ఎలుగును మత్తు ఇచ్చి పట్టి విశాఖ జూకు తీసుకెళ్తుండగా అది చనిపోయింది. జనం దాన్ని మరిచిపోలేదు. గుంపు తరిమిన, దెబ్బలు తిన్న అడవి ఎలుగుకూ, ఆరు వారాలు బోను అలవాటైన జూ ఎలుగుకూ ప్రమాదం ఒక స్థాయిలో ఉండదని చెప్పొచ్చు. అయితే ప్రమాదం సున్నా అని మాత్రం ఎప్పుడూ అనొద్దు. ఏం చేస్తున్నాం, ఎవరు డాక్టరు, ఎక్కడ ఆగుతాం అన్నది ముందే రాసి ఇవ్వండి.

“కొత్త ఆవరణ టిక్కెట్ల కోసమే.” దీనికి ముందు మీకు మీరే జవాబు చెప్పుకోవాలి. అద్దాల గ్యాలరీకి ఎంత ఖర్చు, రాత్రి గదులకు ఎంత? ఎలుగు జనానికి కనపడకుండా దాక్కునే చోటు ఉందా? చూసేవాళ్లు ఎన్ని వైపుల నుంచి చూస్తారు? నాలుగు వైపులా జనం నిలబడే ఆవరణ ఎంత పెద్దదైనా ఎలుగుకు చిన్నదే. ఈ విషయంలో విమర్శకులదే చాలాసార్లు పైచేయి, ఒప్పుకోవడమే మేలు. ఒక వైపు మాత్రమే తెరిచి, మిగతా మూడు వైపులా వెదురు పొద పెంచితే ఖర్చు పెద్దగా కాదు.

“జూలే మూసేయాలి.” ఇది సిద్ధాంతపు వాదన, ఒక ఎలుగు తరలింపు సభలో తేలదు. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు జంతువుల అయిదు స్వేచ్ఛలను మన చట్టంలో భాగంగానే చదివింది: ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పీ జబ్బూ, భయం లేకుండా ఉండటం, సహజంగా మసలుకోవడం. 2020లో కోర్టు ఆదేశాలతో ఇస్లామాబాద్ జూ ఖాళీ అయింది, అక్కడి రెండు ఎలుగులు జోర్డాన్‌లోని శరణాలయానికి వెళ్లాయి. అంటే మూసేసినా ఎలుగు ఎక్కడో ఒక చోట ఉండాలి, అక్కడికి ఎవరో ఒకరు బోనులో తీసుకెళ్లాలి. ఈ పద్ధతులన్నీ అప్పుడూ కావాల్సినవే. సిద్ధాంతంలో తేడా ఉన్నవాళ్లతో కూడా బోను కొలతల మీద, రాత్రి గది నేల మీద ఒప్పందానికి రావచ్చు.

అంకెలు చూపడం

“ఎలుగు సంతోషంగా ఉంది” అన్న మాట ప్రెస్‌నోటులో రాయొద్దు. ఎవరూ నమ్మరు, నమ్మక్కర్లేదు కూడా. లెక్క తీయండి. తరలింపుకు ముందు పద్నాలుగు రోజులు, రోజుకు మూడు గంటలు: ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి. ప్రతి అయిదు నిమిషాలకూ ఒకసారి చూసి ఆ క్షణంలో ఎలుగు ఏం చేస్తోందో ఒక గుర్తు వేయాలి: పడుకోవడం, తినడం, వెతకడం, ఎక్కడం, చక్కర్లు కొట్టడం, తల ఊపడం, కనపడకపోవడం. గంటకు పన్నెండు, రోజుకు ముప్పై ఆరు, పద్నాలుగు రోజులకు 504 గుర్తులు. అందులో చక్కర్లు, తల ఊపడం కలిపి ఉదాహరణకు 150 ఉంటే దాదాపు 30 శాతం. మార్చాక అదే మనుషులు, అదే గంటల్లో, అదే పట్టికతో మళ్లీ తీయాలి.

మొదటి రెండు వారాల్లో చక్కర్లు తగ్గినట్టు కనిపిస్తుంది. కొత్త చోటు వాసన చూస్తూ తిరుగుతుంది కాబట్టి అది నిజమైన తగ్గుదల కాదు. ఆ అంకె పట్టుకుని విజయం ప్రకటిస్తే మూడో నెలలో పరువు పోతుంది. మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి తీసిన లెక్కే లెక్క. పాత ముసలి ఎలుగుల్లో తల ఊపడం పూర్తిగా పోకపోవచ్చు. ఏళ్ల నాటి అలవాటు అది. దాన్ని దాచకుండా రాయండి. విమర్శించే సంస్థ నుంచి ఒకరిని లెక్క తీయడానికి పిలిస్తే ఇంకా మంచిది. ఇద్దరు ఒకే గంటలో విడివిడిగా తీసిన పట్టికలు పది గుర్తుల్లో తొమ్మిదికి కలవకపోతే నేర్పడం సరిగా లేదని అర్థం. మళ్లీ నేర్పి మొదలెట్టాలి.

లోడింగ్ రోజు మాత్రం ఎవరినీ లోపలికి రానివ్వొద్దు, ఎనిమిది మంది చాలు. విలేకరులకూ విమర్శకులకూ సీసీ కెమెరా చిత్రం బయట తెర మీద చూపండి. ప్రకటన తెలుగులో, ఒడియాలో రెండింటిలో ఒకేసారి ఇవ్వండి. ఇచ్ఛాపురంలో ఒక మాట, బరంపురంలో ఇంకో మాట తిరిగితే మధ్యలో పుట్టేది పుకారే. ఫోనెత్తే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ మనిషి నంబరు ముందే అందరికీ ఇవ్వాలి.

ఎలుగు చనిపోతే, ఎంత జాగ్రత్త పడ్డా అది జరగొచ్చు, ఆ విషయం అదే రోజు చెప్పాలి. శవపరీక్ష బయటి డాక్టరు ఒకరిని చేర్చుకుని అదే రోజు చేయించండి. గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, మూత్రపిండాల ముక్కలు ఫార్మలిన్‌లో ఒక సెట్, ఐసు మీద ఒక సెట్ తీసి ప్రయోగశాలకు పంపండి. బందీగా ఉన్న ఎలుగుల్లో కాలేయం, పిత్తాశయం క్యాన్సర్లు కనపడుతుంటాయి కాబట్టి ఆ రెండింటినీ తప్పకుండా చూడమని రాయండి. వేడి చూసిన పుస్తకం, బండి ఆగిన సమయాలు, తలుపు మూసిన సమయం ఉన్న పేజీలను ఫొటో తీసి నివేదికకు జత చేయండి. ఎలాగూ ఏటా జంతువుల జాబితా, మరణాల వివరాలు జూ అథారిటీకి చేరతాయి, సమాచార హక్కు కింద ఎవరైనా అడగొచ్చు. ఆరు నెలల తర్వాత బలవంతం మీద ఇచ్చిన కాగితానికీ, మర్నాటి ఉదయం మీరే ఇచ్చిన కాగితానికీ జనం ఇచ్చే విలువ ఒకటి కాదు.